పక్కగాలిలో చిన్న విమానాన్ని దింపడం ఎలా నేర్పాలి: సమగ్ర మార్గదర్శి

పొద్దున్నే గాలి లేవక ముందు ల్యాండింగులన్నీ నేర్పేసి, అవి బాగా కుదిరాక ఎప్పుడో పక్కగాలి (రన్‌వేకి అడ్డంగా వీచే గాలి) పాఠం మొదలుపెట్టడం చాలామంది ఇన్‌స్ట్రక్టర్లకి అలవాటు. ఆ వరస విద్యార్థికి మేలు చేయదు. నిశ్చలమైన గాలిలో పాదాలు పెడల్స్ మీద ఊరికే ఆనించి దిగడం ఒంటపట్టాక, దాన్ని మాన్పించడానికే బోలెడు గంటలు పోతాయి. గాలి సరిగ్గా రన్‌వే వెంబడే వీచే రోజులు అరుదు. మూడు నాట్ల (నాట్ అంటే గంటకి సుమారు 1.85 కిలోమీటర్ల వేగం) పక్కగాలి కూడా పక్కగాలే. మొదటి ల్యాండింగు నుంచే దాన్ని గుర్తుపట్టించి, చిన్న మోతాదులో దిద్దించాలి. అప్పుడు పది నాట్ల రోజున విద్యార్థి కొత్త పని ఏదీ చేయనక్కర్లేదు, మోతాదు పెంచితే చాలు.

ఇక్కడ చెప్పేదంతా సెస్నా 152, 172 వంటి ముందుచక్రం ఉన్న శిక్షణ విమానాల గురించి. తోకచక్రం విమానాల కథ వేరు. ఉదాహరణలకి గన్నవరం రన్‌వే తీసుకుంటున్నాం: 08/26 (ఒక వైపు నుంచి దిగితే ముక్కు దిక్కు సుమారు 80 డిగ్రీలు, రెండో వైపు నుంచి 260), పొడవు 3,360 మీటర్లు, వెడల్పు 45 మీటర్లు. బెజవాడ, గుంటూరు వాళ్లకి ఈ గాలులు ఒంటికి తెలిసినవే కాబట్టి లెక్క తొందరగా పడుతుంది. శిక్షణ వేరే ఊళ్లో అయితే అంకెలు మారతాయి, పద్ధతి మారదు.

గాలి లెక్క

ఇంజిన్ స్టార్ట్ చేయక ముందే విద్యార్థి చేత మూడు సంగతులు చెప్పించండి: గాలి ఏ పక్క నుంచి, పక్కవాటం ఎన్ని నాట్లు, ఏ రెక్క దించబోతున్నారు. మూడోది చెప్పలేకపోతే మొదటి రెండూ బట్టీ పట్టినవే.

పక్కవాటం అంటే గాలి వేగాన్ని, రన్‌వేకీ గాలికీ మధ్య కోణం సైన్ విలువతో హెచ్చించగా వచ్చేది. కాక్‌పిట్‌లో క్యాలిక్యులేటర్ తీసే తీరిక ఉండదు కాబట్టి గడియారం లెక్క నేర్పండి. కోణం 15 డిగ్రీలైతే గాలిలో పావు వంతు, 30 అయితే సగం, 45 అయితే ముప్పావు, 60 దాటితే మొత్తం. గంటలో పావు, అర, ముప్పావు అన్నట్టే. పెద్ద కోణాల దగ్గర అసలు విలువ కన్నా కాస్త ఎక్కువే వస్తుంది, అదీ మంచిదే.

రన్‌వే 26 మీద గాలి 230 డిగ్రీల నుంచి 14 నాట్లు: కోణం 30, పక్కవాటం 7 నాట్లు, ఎడమ నుంచి. రన్‌వే 08 మీద గాలి 150 నుంచి 10 నాట్లు: కోణం 70, పక్కవాటం దాదాపు పదికి పదీ, కుడి నుంచి. రెండో ఉదాహరణలో గాలి వేగం తక్కువే, కానీ పని ఎక్కువ. పైగా ఎదురుగాలి మూడు నాలుగు నాట్లకి మించి లేదు కాబట్టి నేల మీద వేగం కూడా ఎక్కువే ఉంటుంది. ఈ రెండింటినీ పక్కపక్కనే పెట్టి చూపిస్తే, గాలి ఎంత అన్నదానికన్నా ఎటు నుంచి అన్నది ముఖ్యమని విద్యార్థికి తలకెక్కుతుంది.

మెటార్‌లోని (విమానాశ్రయం వాతావరణ నివేదిక) గాలి దిక్కు నిజ ఉత్తరం నుంచి లెక్కించింది, టవర్ చెప్పేది అయస్కాంత ఉత్తరం నుంచి. మన ప్రాంతంలో ఈ రెంటికీ తేడా ఒక డిగ్రీ చుట్టుపక్కలే కాబట్టి ఇబ్బంది లేదు. అసలు తేడా వేరే చోట ఉంది: మెటార్ గాలి పది నిమిషాల సగటు, ల్యాండింగుకి టవర్ ఇచ్చేది రెండు నిమిషాల సగటు. సగటు కంటే గాలి పది నాట్లో అంతకుమించో ఎగిసినప్పుడే మెటార్‌లో గస్ట్ వేస్తారు. అంటే ఎనిమిది నాట్ల ఎగుడుదిగుడు ఉన్నా ఆ కాగితం మీద ఏమీ కనపడకపోవచ్చు. అందుకే విండ్‌సాక్ (రన్‌వే పక్కన గాలికి ఎగిరే గుడ్డ గొట్టం) చూడటం అలవాటు చేయండి. సాధారణంగా 15 నాట్ల దగ్గర అది పూర్తిగా బిగుసుకుని నిలుస్తుంది. దాని తోక ఆగకుండా ఎగిరెగిరి పడుతుంటే గాలి నిలకడగా లేదన్నమాట.

గస్ట్ ఉంటే పక్కవాటాన్ని గస్ట్ అంకెతోనే కట్టాలి. 230 నుంచి 12, గస్ట్ 22 అంటే రన్‌వే 26 మీద పక్కవాటం 6 కాదు, 11. అప్రోచ్ వేగానికి కలిపేది మాత్రం గస్ట్ తేడాలో సగం: 22లో 12 తీస్తే 10, అందులో సగం 5 నాట్లు.

విమానం హ్యాండ్‌బుక్‌లో ఉండే పక్కగాలి అంకె సెస్నా 152కి 12 నాట్లు, 172కి 15 నాట్లు. అది టెస్ట్ పైలట్ చేసి చూపించిన విలువ, చట్టం విధించిన హద్దు కాదు. ల్యాండింగ్ అమరికలోని స్టాల్ వేగంలో (అంతకు తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేని వేగం) కనీసం ఐదో వంతు పక్కగాలిని విమానం తట్టుకోవాలన్నది ఈ విమానాలకి వర్తించిన ధ్రువీకరణ నియమం, ఆ పరీక్షలో వచ్చిన అంకె ఇది. అయినా విద్యార్థికి మాత్రం దాన్ని గోడగానే చెప్పండి. సోలో (విద్యార్థి ఒంటరిగా ఎగరడం) హద్దు అంతకన్నా చాలా కింద ఉండాలి. మీ సంస్థ శిక్షణ మాన్యువల్‌లో ఎంత ఉంటే అంత.

ఇక కాలాలు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి, పడమటి గాలి: రన్‌వే 26, గాలి ఎడమ నుంచి. అక్టోబరు తర్వాత ఈశాన్య గాలి: రన్‌వే 08, మళ్లీ ఎడమ నుంచే. ఎండాకాలం సాయంత్రాలు సముద్రం వైపు నుంచి పైరగాలి వచ్చినప్పుడు మాత్రం 08 మీద కుడి నుంచి తగులుతుంది. అంటే పట్టించుకోకుండా వదిలేస్తే విద్యార్థి ఏడాదిలో ఎక్కువ భాగం ఎడమ రెక్క దించడమే సాధన చేస్తారు. కుడి పక్కగాలి కోసం ఆ సాయంత్రాలని పట్టుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పడమట మబ్బు కమ్మి ఈదురుగాలి సూచనలుంటే పాఠం వద్దు. ఉరుముల మబ్బు ముందు వచ్చే గాలి నిమిషంలో దిక్కు మార్చుకుంటుంది, దానితో సాధన కుదరదు.

ముక్కు, రెక్క

ఈ పాఠం మొత్తానికి వెన్నెముక ఒక్కటే. సైడ్‌స్లిప్‌లో (ఒక రెక్క దించి, ముక్కు తిరగకుండా పక్కకి జారడం) ఐలెరాన్ (రెక్కల్ని అటూ ఇటూ వంచే పలక) పని విమానం పక్కకి కొట్టుకుపోకుండా ఆపడం. రడ్డర్ (పెడల్స్‌తో కదిలే తోక నిలువు పలక) పని ముక్కుని రన్‌వేకి సూటిగా ఉంచడం. ఒకదాని పని ఇంకోదానితో చేయించబోతేనే అన్ని చిక్కులూ. విమానం ఎడమకి జరుగుతుంటే కుడి రడ్డర్ తొక్కే విద్యార్థిని చూస్తూనే ఉంటాం. ముక్కు కుడికి తిరుగుతుంది కానీ జరగడం ఆగదు, పైగా ఇప్పుడు విమానం వంకరగా కూడా ఉంది.

ఫైనల్‌లో (రన్‌వేకి ఎదురుగా సూటిగా దిగే చివరి భాగం) గాలిని సరిచేసే పద్ధతులు రెండు. మొదటిది క్రాబ్: రెక్కలు సమంగా, ముక్కు గాలి వైపు తిప్పి ఉంచడం. ఏరు దాటించే పడవవాడు ఎదుటి రేవుకి సూటిగా చేరాలంటే పడవ ముక్కుని ఎగువకి పెట్టినట్టే ఇది. 60 నాట్ల వేగంలో ఒక్కో నాట్ పక్కవాటానికి ఇంచుమించు ఒక్కో డిగ్రీ క్రాబ్ కావాలి. 65 నాట్ల మీద 10 నాట్ల పక్కవాటానికి సుమారు 9 డిగ్రీలు. క్రాబ్‌లో ఉన్న విమానం అలాగే నేలని తాకితే చక్రాల మీద పక్కబలం పడుతుంది, టైరు ఒరుసుకుపోతుంది, విమానం అడ్డంగా లాగుతుంది.

రెండోది వింగ్-లో (wing-low) పద్ధతి, అంటే సైడ్‌స్లిప్: గాలి వచ్చే వైపు రెక్క దించి, అవతలి రడ్డర్‌తో ముక్కుని సూటిగా నిలపడం. రెక్క దించినందువల్ల గాలి వైపు జారాలనుకునే విమానం, గాలి తోపుడుతో సరిపోయి, రన్‌వే గీత మీదే ఉంటుంది. 172కి ఈ పద్ధతిలోనే అదుపు బాగా ఉంటుందని దాని హ్యాండ్‌బుక్ కూడా చెబుతుంది. మనం నేర్పేది రెంటినీ కలిపిన వరస: ఫైనల్ పైభాగంలో క్రాబ్, కిందికి వచ్చాక వింగ్-లో.

నేల మీద, ఇంజిన్ ఆపి

ఆగి ఉన్న విమానంలో విద్యార్థిని కూర్చోబెట్టి, కంట్రోల్ లాక్ తీయించండి. బయట నిలబడి చేత్తో గాలి దిక్కు చూపండి. ఎడమ నుంచి అంటే యోక్ (చేతులతో పట్టుకునే స్టీరింగ్) ఎడమకి, కుడి పాదం ముందుకి. కుడి నుంచి అంటే దానికి తిరగేసి. ఆలోచించకుండా చేతులూ కాళ్లూ కదిలేదాకా చేయించండి. ఒక జాగ్రత్త: ముందుచక్రం నేరుగా పెడల్స్‌కి కలిసి ఉండే విమానాల్లో, ఆగి ఉన్నప్పుడు పెడల్‌ని బలంగా తొక్కితే లింకేజీకి దెబ్బ. పాదం కదిపి చూపిస్తే చాలు.

ఇప్పుడే ఇంకో పని పూర్తి చేయండి. ఎడమ సీట్లో కూర్చున్న విద్యార్థికి సూటి అంటే తన కళ్లకి ఎదురుగా ఉన్న చుక్క, ఇంజిన్ కవర్ నడిమధ్య కాదు. ముక్కు నడిమధ్యని రన్‌వే మీద పెట్టబోతే విమానం ఎప్పుడూ ఎడమకి వంకరగానే దిగుతుంది. విమానాన్ని ట్యాక్సీవే గీతకి సరిగ్గా నిలబెట్టి, విద్యార్థి కళ్ల ఎదుట అద్దం మీద గ్రీజ్ పెన్సిల్‌తో చుక్క పెట్టండి. పక్కగాలిలో ముక్కు సూటిగా ఉందా లేదా అన్న తీర్పు మొత్తం ఈ చుక్క మీదే ఆధారపడుతుంది. ఇది తేలకుండా గాల్లోకి వెళ్లి రడ్డర్ గురించి ఎంత అరిచినా లాభం లేదు.

మూడు వేల అడుగుల మీద

దూరంగా ఒక కొండనో పొగగొట్టాన్నో గుర్తుగా పెట్టుకోమనండి. ముక్కు అక్కడి నుంచి కదలకుండా రెక్కల్ని అటు పది డిగ్రీలు, ఇటు పది డిగ్రీలు వంచుతూ రడ్డర్‌తో ముక్కుని నిలపాలి. ఐదు నిమిషాలు చేస్తే పాదాలు మేలుకుంటాయి.

తర్వాత నిలకడ సైడ్‌స్లిప్. 70 నాట్లు, ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున దించే పలకలు) 10 డిగ్రీలు. కింద డెల్టాలో సూటిగా సాగే కాలవ గట్టో రోడ్డో చూసుకుని దాని మీద నిలవండి. ఎడమ రెక్క ఐదు డిగ్రీలు దించి, కుడి రడ్డర్‌తో ముక్కు తిరగకుండా ఆపి, అర నిమిషం పట్టుకోవాలి. విమానం ముక్కు చూసే వైపు కాకుండా ఎడమకి జారడం కింద గీతని బట్టి తెలుస్తుంది. కోణం పెంచితే ఎక్కువ జారుతుంది, తగ్గిస్తే తక్కువ. రెండో పక్క కూడా అంతే సేపు.

ఇక్కడ మూడు సంగతులు నోటితో చెప్పాలి. ఒకటి, బంతి (విమానం పక్కకి జారుతోందా అన్నది చూపే పరికరంలోది) మధ్యలో ఉండదు, దించిన రెక్క వైపు పోతుంది. మొదటి గంట నుంచీ బంతిని మధ్యలో పెట్టమని మనమే నేర్పాం కాబట్టి, విద్యార్థి పాదం తెలియకుండానే దాన్ని సరిచేసి స్లిప్‌ని పాడు చేస్తుంది. ఇప్పుడు బంతి పక్కన ఉండటమే సరైనదని ముందే చెప్పండి. రెండు, స్లిప్‌లో డ్రాగ్ (గాలి అడ్డు) పెరిగి విమానం త్వరగా దిగుతుంది, వంద ఆర్‌పీఎం అదనంగా కావాల్సి వస్తుంది. మూడు, 172లో స్టాటిక్ రంధ్రం (స్పీడ్ మీటరుకి బయటి గాలి పీడనం అందించేది) ఎడమ పక్కన ఉంటుంది, గాలి అడ్డంగా తగిలినప్పుడు స్పీడ్ అంకెని పూర్తిగా నమ్మకూడదు. ముక్కు ఎత్తుని చూసి వేగం అంచనా కట్టడం ముఖ్యం.

రన్‌వే వెంబడి, దిగకుండా

మామూలు సర్క్యూట్‌లో (రన్‌వే చుట్టూ తిరిగి వచ్చి దిగడం) విద్యార్థికి అసలైన సాధన దొరికేది ఫ్లేర్‌లోని (నేల తాకే ముందు ముక్కు ఎత్తి వేగం తగ్గించడం) కొద్ది సెకన్లే. ఆరేడు నిమిషాలు చుట్టూ తిరిగి వచ్చి, ఆ కొద్ది సెకన్లలో చేతులూ కాళ్లూ కలిపి నేర్చుకోమనడం అన్యాయం. దీనికి మందు లో పాస్: పొడవైన రన్‌వే మీద పది పదిహేను అడుగుల ఎత్తులో, పవర్ ఉంచి, దిగకుండా ఎగరడం. నేల మీద వేగం 60 నాట్లంటే సెకనుకి 31 మీటర్లు. 3,360 మీటర్ల రన్‌వేలో చివరి మూడో వంతు వదిలేసినా నిమిషానికి పైనే సాధన చేతికొస్తుంది. పాఠం మొత్తంలో అన్నిటికన్నా విలువైన భాగం ఇదేనని మా గట్టి నమ్మకం.

టవర్ అనుమతి తీసుకుని, ఫ్లాప్స్ 10 డిగ్రీలతో, 65 నుంచి 70 నాట్ల మధ్య ఇలా చేయండి.

1. మొదటి పాస్‌లో రడ్డర్, ఎలివేటర్ (ముక్కుని ఎత్తే, దించే తోక పలక), థ్రాటిల్ ఇన్‌స్ట్రక్టర్‌వి. విద్యార్థికి ఐలెరాన్ ఒక్కటే. సెంటర్‌లైన్ మీద నిలబడటం, తర్వాత పది మీటర్లు ఎడమకి జరగడం, మళ్లీ గీత మీదకి రావడం. రెక్కతో పక్క కదలిక మొత్తం తన చేతిలో ఉందని అర్థమవుతుంది.
2. రెండో పాస్‌లో తారుమారు. ఐలెరాన్ ఇన్‌స్ట్రక్టర్‌ది, విద్యార్థి పాదాలతో అద్దం మీది చుక్కని రన్‌వే చివర నిలపాలి.
3. మూడో పాస్‌లో రెండూ విద్యార్థివి, పవర్, ఎలివేటర్ మీవి.
4. నాలుగో పాస్‌లో అన్నీ విద్యార్థివి. మూడో వంతు రన్‌వే మిగిలి ఉండగానే గో అరౌండ్ (దిగకుండా పవర్ పెట్టి మళ్లీ పైకి వెళ్లిపోవడం).

మైక్‌లో పొడుగు వాక్యాలు వద్దు. పక్కకి జరుగుతుంటే "రెక్క", వంకరగా ఉంటే "ముక్కు". ఈ రెండు మాటలు చాలు. "రడ్డర్, రడ్డర్" అని అరిస్తే ఏ పాదమో తేల్చుకునే లోపు రెండూ తొక్కేస్తారు.

ఒక హెచ్చరిక గన్నవరం లాంటి చోట్లకి. ఎయిర్‌బస్ 320 దిగిన తర్వాత వెంటనే వెనక వెళ్లకూడదు. మీడియం తరగతి విమానం వెనక లైట్ తరగతి విమానం దిగాలంటే మూడు నిమిషాల ఎడం ఉండాలి. పక్కగాలి మూడు నుంచి ఐదు నాట్లే ఉన్న రోజు మరీ ప్రమాదం, ఎందుకంటే గాలి వైపు రెక్క వదిలిన సుడి అంత మెల్లటి గాలికి పక్కకి పోకుండా రన్‌వే మీదే తిష్ఠవేస్తుంది.

అసలు ల్యాండింగు, మెట్టు మెట్టుగా

పక్కగాలి ల్యాండింగు డౌన్‌విండ్‌లోనే (రన్‌వే పక్కగా, దిగే దిక్కుకి ఎదురు దిక్కులో ఎగిరే భాగం) మొదలవుతుంది. 08 మీద ఎడమ సర్క్యూట్, గాలి 150 నుంచి అనుకుందాం. డౌన్‌విండ్‌లో గాలి విమానాన్ని రన్‌వే నుంచి దూరంగా నెడుతుంది, ముక్కు కొన్ని డిగ్రీలు ఎడమకి పెట్టాలి. బేస్‌లో (డౌన్‌విండ్‌కీ ఫైనల్‌కీ మధ్య అడ్డంగా ఎగిరే భాగం) అదే గాలి ఎదురవుతుంది, విమానం నెమ్మదిస్తుంది, ఎత్తు ముందే కరిగిపోతుంది. కాబట్టి బేస్‌కి కాస్త ముందుగా తిరిగి, పవర్ కొంచెం ఎక్కువ ఉంచాలి.

26 మీద ఎడమ సర్క్యూట్‌లో గాలి 200 నుంచి 12 నాట్లు ఉంటే పరిస్థితి తిరగబడుతుంది. బేస్‌లో దాదాపు పది నాట్ల వెనకగాలి తోస్తుంది. మలుపు ఆలస్యమైతే ఫైనల్ గీత దాటిపోతారు. దాటాక విద్యార్థి చేసేది ఎప్పుడూ ఒకటే: బ్యాంక్ (రెక్కల వాలు) పెంచడానికి భయపడి, ముక్కుని లోపలికి లాగడానికి ఎడమ రడ్డర్ తొక్కి, పెరుగుతున్న బ్యాంక్‌ని ఆపడానికి ఐలెరాన్ కుడికి పెట్టి, పడిపోతున్న ముక్కుని యోక్ లాగి ఎత్తుతారు. ఐదు వందల అడుగుల మీద ఆ కలయిక స్పిన్‌కి (గిరగిరా తిరుగుతూ పడిపోవడం) దారి. లోపలి రెక్క స్టాల్ అయితే బయటపడే ఎత్తు ఉండదు. నియమం కచ్చితంగా పెట్టండి: ఫైనల్ మలుపులో బ్యాంక్ 30 డిగ్రీలు దాటదు. గీత దాటిపోతే గో అరౌండ్, బేరం లేదు.

ఫైనల్ మీద నిలిచాక వరస ఇది.

1. ఫ్లాప్స్ 20 డిగ్రీలకి మించి వద్దు. పొడవైన రన్‌వే మీద 10 చాలు. 172లో 20 దాటిన ఫ్లాప్స్‌తో గట్టి స్లిప్ చేస్తే ఎలివేటర్ కొద్దిగా ఊగొచ్చు. వేగం 172కి 65, 152కి 60 నాట్లు, పైన గస్ట్ లెక్క.

2. క్రాబ్‌తో గీత పట్టండి. గీత మీద నిలిచిన ముక్కు కోణం ఎంతో విద్యార్థి చేత చెప్పించండి. ఎంత రడ్డర్ కావాల్సి వస్తుందో ఆ అంకె ముందే సూచిస్తుంది.

3. కొత్తవాళ్లకి 300 అడుగుల దగ్గర వింగ్-లో పద్ధతికి మార్చండి. నిమిషానికి 500 అడుగులు దిగుతుంటే 36 సెకన్లు చేతిలో ఉన్నట్టు. అనుభవం వచ్చే కొద్దీ దాన్ని 200కి, తర్వాత ఫ్లేర్ ముందుకి దించండి. ముందు రడ్డర్‌తో ముక్కుని మెల్లగా గీత మీదికి తెచ్చి, విమానం పక్కకి జరగబోయే క్షణంలోనే గాలి వైపు రెక్క దించాలి. రెండూ కలిసి సాగాలి, ఒకదాని వెనక ఒకటి ఝటకాగా కాదు.

4. ఇక్కడే పరీక్ష. రడ్డర్ చివరి దాకా తొక్కినా ముక్కు గీత మీదికి రాకపోతే ఆ గాలి ఆ విమానానికి ఎక్కువ. వెంటనే గో అరౌండ్. చార్టు చూడనక్కర్లేదు, విమానమే చెప్పేసింది.

5. నేల దగ్గరికి వచ్చేకొద్దీ గాలి సాధారణంగా తగ్గుతుంది, చెట్లూ హ్యాంగర్లూ ఉంటే చటుక్కున మారుతుంది. రెక్క, ముక్కు రెండూ చిన్న చిన్నగా దిద్దుతూ ఉండాలి. చూపు రన్‌వే అవతలి చివర ఉండాలి. దగ్గరికి చూస్తే పక్క కదలిక కనపడదు.

6. ఫ్లేర్. వేగం తగ్గే కొద్దీ ఐలెరాన్, రడ్డర్ల పట్టు తగ్గుతుంది. గాలి మారకపోయినా ఇంకా ఎక్కువ తిప్పాలి, ఇంకా ఎక్కువ తొక్కాలి. నేల దగ్గర రెక్క వాలి ఉండటం చూసి విద్యార్థి భయంతో సమం చేసేస్తారు. సమం చేసిన మరుక్షణం విమానం పక్కకి కొట్టుకుపోతుంది. 172 రెక్క పైన ఉండేది, ఈ కొద్ది కోణానికి నేలకి తగలదు. ఆ మాట నేల మీదే చెప్పి ధైర్యం ఇవ్వండి.

7. గాలి వైపు వెనక చక్రం ముందు తాకాలి. ఒక్క చక్రం మీద దిగడమే సరైన దిగడం. అది ప్రమాదంలా అనిపించినా అలాగే పట్టుకోవాలి. వేగం తగ్గగా రెండో చక్రం దానంతటదే దిగుతుంది.

8. ముందుచక్రం దిగే ముందు రడ్డర్‌ని మధ్యకి తేవాలి. పెడల్‌తో పాటు తిరిగి ఉన్న చక్రం నేలని తాకితే విమానం ఒక్క గుంజు గుంజుతుంది. వెంటనే రన్‌వే సూటిగా ఉండేలా పాదాలతో నడపాలి.

9. ఐలెరాన్‌ని వదలకండి. వేగం తగ్గే కొద్దీ గాలి వైపు ఇంకా తిప్పుతూ, చివరికి పూర్తిగా. బ్రేకులు రెండు కాళ్లకీ సమంగా, మెల్లగా.

ట్యాక్సీలో కూడా ఇదే శ్రద్ధ. గాలి ముందు పక్క నుంచి వస్తుంటే ఐలెరాన్ గాలి వైపు, ఎలివేటర్ మధ్యలో. వెనక పక్క నుంచి వస్తుంటే ఐలెరాన్ గాలికి అవతలి వైపు, యోక్ ముందుకి. ఎత్తు రెక్కల సెస్నాకి వెనక పక్క గాలే ఎక్కువ ప్రమాదం.

ఎక్కడ తప్పుతుంది, ఎందుకు

టచ్‌డౌన్ తర్వాత విమానం గాలి వైపు తిరిగిపోతుంటే, తోక మీద గాలి పడి ముక్కుని గాలిలోకి తిప్పుతోందన్నమాట. చక్రం నేలని తాకగానే "దిగేశాం" అనుకుని యోక్ మధ్యకి వదిలేసే విద్యార్థికి ఇది తరచూ జరుగుతుంది. గాలి వైపు రెక్క లేస్తుంది, ఆ పక్క చక్రం మీద బరువు తగ్గుతుంది, బ్రేక్ పట్టు పోతుంది. ఇంజిన్ ఆగేదాకా ల్యాండింగు అయిపోలేదని రోజూ చెప్పాల్సిందే.

ముందే ముక్కు తిప్పేసి రెక్క దించడం మర్చిపోతే, తేలుతూ పోయే రెండు మూడు సెకన్లలో విమానం గాలితో పాటు పక్కకి సాగుతుంది. మరీ ఆలస్యంగా తిప్పితే క్రాబ్‌లోనే చక్రాలు తాకుతాయి. రెంటికీ గుర్తు ఒకటే, టైరు కీచుమనడం. ఫ్లయిట్ తర్వాత టైరు పక్కలు విద్యార్థితో కలిసి చూడండి. ఒరుసుకున్న రబ్బరు మన మాటకన్నా బాగా చెబుతుంది.

45 మీటర్ల వెడల్పున్న రన్‌వే ఇద్దరినీ మోసం చేస్తుంది. ఇరుకు రన్‌వే అలవాటైన విద్యార్థికి వెడల్పు రన్‌వే మీద నేల దగ్గరికి వచ్చేసినట్టు తోచి, ఎత్తులోనే ఫ్లేర్ చేస్తారు. పక్కగాలిలో ఎత్తులో ఫ్లేర్ అంటే వేగం పోయి, అదుపు పోయి, పక్కకి కొట్టుకుపోవడం. రెండోది, ఎక్కడ దిగినా రన్‌వే మీదే కదా అన్న నిర్లక్ష్యం. గీత రెండు వెనక చక్రాల మధ్య ఉండాలి. అంతకు ఒక్క మీటరు తప్పినా డీబ్రీఫింగ్‌లో మాట్లాడాలి.

ఎగిసిపడితే దాన్ని సరిచేయబోవద్దు. గాల్లోకి లేచిన విమానంలో ఐలెరాన్ వదిలేసి ఉంటారు కాబట్టి రెండోసారి పక్కకి జరుగుతూ దిగుతుంది. పవర్ పెట్టి వెళ్లిపోవాలి.

గో అరౌండ్

పక్కగాలి పాఠంలో ఇది సగం. థ్రాటిల్ పూర్తిగా, ఫ్లాప్స్ 20 కన్నా ఎక్కువ ఉంటే వెంటనే 20కి, విమానం ఎక్కుతోందని తేలాక మిగతావి. గాలి వైపు ఐలెరాన్ అలాగే ఉంచి, ఎక్కడం మొదలయ్యాక స్లిప్ వదిలి క్రాబ్‌లోకి రావాలి.

పూర్తి పవర్ ఈ ఇంజిన్లలో ముక్కుని ఎడమకి లాగుతుంది. ఎడమ గాలి ల్యాండింగులో అప్పటికే కుడి పాదం తొక్కి ఉంటుంది, దాన్ని ఇంకాస్త నొక్కితే సరి. కుడి గాలిలో మాత్రం తొక్కి ఉన్నది ఎడమ పాదం. పవర్ పెట్టగానే దాన్ని వదిలి కుడి పాదానికి మారాలి. ఆ మార్పు ఆలస్యమైతే విమానం ఎడమకి గిరుక్కున తిరుగుతుంది. కుడి పక్కగాలిలో గో అరౌండ్‌ని విడిగా సాధన చేయించడానికి కారణం ఇదే.

మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో గన్నవరం దగ్గర డెన్సిటీ ఆల్టిట్యూడ్ (వేడికి పల్చబడిన గాలి ఎంత ఎత్తులోని గాలికి సమానమో ఆ అంకె) మూడు వేల అడుగుల పైచిలుకు. ఇద్దరు ఎక్కిన 152 ఆ వేడిలో చాలా మెల్లగా ఎక్కుతుంది. నిర్ణయం ముందే తీసుకోవాలి.

ఇన్‌స్ట్రక్టర్ చేతులు

మొదటి రోజుల్లో మీ పాదాలు పెడల్స్‌కి ఒక అంగుళం దూరంలో, చెయ్యి యోక్ కింద ఖాళీగా ఉండాలి. తాకి పట్టుకుంటే ఎవరు ఎగరేస్తున్నారో విద్యార్థికి తెలియదు, అంతా బాగానే చేశానని అనుకుంటారు. తాకాల్సి వస్తే పూర్తిగా తీసుకుని, "ఐ హ్యావ్ కంట్రోల్స్" అని చెప్పి తీసుకోండి. ఫ్లేర్‌లో రెక్క సమం చేసినప్పుడు ఒక్క మాటతో సరిచేసే సమయం ఉంటుంది. పక్కకి జారుతూ చక్రం తాకబోతుంటే మాటలకి సమయం ఉండదు. ఆ తేడా ముందే మనసులో గీసుకోండి.

డీబ్రీఫింగ్‌లో "నాన్నా, బాగా చేశావు, కొంచెం రడ్డర్ చూసుకో" అంటే ఏమీ చెప్పనట్టే. "మూడో ల్యాండింగులో ఫ్లేర్ మొదలవగానే యోక్ మధ్యకి వచ్చింది, గీతకి రెండు మీటర్లు కుడికి దిగాం" అని చెప్పండి. గంటలో ఆరు ల్యాండింగులు చాలు. అలసిన పాదాలు తప్పుడు అలవాటు నేర్చుకుంటాయి.

సోలోకి పంపే ముందు

డ్యూయల్‌లో (ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి ఎగిరేటప్పుడు) మూడు నుంచి ఐదు నాట్ల పక్కవాటంతో మొదలుపెట్టి ఎనిమిదికి, తర్వాత పదికి పెంచండి. రెండు పక్కల నుంచీ చేసి ఉండాలి. లాగ్‌బుక్ రిమార్క్స్ గడిలో పక్కవాటం అంకె, ఎడమా కుడీ అన్నది రాయించండి. ల్యాండింగుల సంఖ్య ఒక్కటే రాస్తే ఏ పక్క బలహీనమో తర్వాత ఎవరికీ తెలియదు. మీ మాట లేకుండా తనంతట తాను గో అరౌండ్ చేసిన సందర్భం కనీసం ఒకటైనా కనపడాలి. చక్కటి ల్యాండింగులు ఎన్నున్నా, అది లేకపోతే సోలో సంతకం ఆపండి.

సంతకం పెట్టేటప్పుడు హద్దుని అంకెలో రాయండి: ఇన్ని నాట్ల పక్కవాటం, గస్ట్ ఉంటే వద్దు, హద్దు దాటితే తిరిగి వెళ్లాల్సిన ప్రత్యామ్నాయ రన్‌వే ఏది, దానికి సరిపడా ఇంధనం ఎంత. సోలోలో ఉన్న విద్యార్థికి గాలి పెరిగిందని టవర్ చెప్పినప్పుడు, ఏం చేయాలో అప్పటికే కాగితం మీద రాసి మోకాలి బోర్డుకి పెట్టుకుని ఉండాలి.